సోలెడు బియ్యం లెక్క: ఇల్లు మారినప్పుడు పాత వస్తువులు ఏం గుర్తుచేస్తాయి, ఎందుకు గుర్తుచేస్తాయి

ఇల్లు మారే రోజున సామాన్లు సర్దే పని ఎక్కడ ఆగిపోతుందో గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఫ్రిజ్, బీరువా, వాషింగ్ మెషీన్, టీవీ వంటి ఖరీదైన వస్తువులను ప్యాకర్ల మనుషులు గంటా రెండు గంటల్లో అట్టలూ దుప్పట్లూ చుట్టి లారీ ఎక్కించేస్తారు. వాటి ముందు ఇంటివాళ్లెవరూ నిలబడిపోరు. పని ఆగేది వంటింటి గూట్లో వెనక వరసలోంచి బయటపడిన పాత అట్లకాడ దగ్గర. అంచు ఒక మూల ఏటవాలుగా అరిగిపోయి, కాడ కొద్దిగా వంగి, పాత ఇనుము కొనేవాడు కూడా తూకానికి తప్ప మరో లెక్కలో తీసుకోని ఆ వస్తువును పారేయాలా, పెట్టెలో పెట్టాలా అని తల్లీకూతుళ్లో అత్తాకోడళ్లో పది నిమిషాలు మాట్లాడుకుంటారు. చివరికి అది పెట్టెలోకే వెళ్తుంది.

దీన్ని మనం సాధారణంగా సెంటిమెంటు అనే ఒక్క మాటతో తేల్చేస్తాం. ఆ మాటతో ప్రశ్నకు పేరు పెట్టినట్టవుతుంది గాని జవాబు దొరకదు. కొత్తగా మెరిసేవి ఎన్నో ఉండగా అరిగిపోయినదే ఎందుకు మనసును పట్టుకుంటుంది, ఇన్నేళ్లుగా కళ్లముందే ఉన్నది ఇవాళే ఎందుకు కనబడింది, పదేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు పట్టించుకోని వస్తువు ఈసారి ఎందుకు చేతిని ఆపింది అన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. వాటి జవాబులూ వేరే. మూడింటినీ ఒకే ముడిలో బిగించేయడం వల్లే, పెద్దవాళ్లు పాత సామాను వదలకపోతే చాదస్తమనీ, పిల్లలు వదిలేయమంటే కాఠిన్యమనీ ఇళ్లలో మాటామాటా పెరుగుతుంది.

నాకు అర్థమైనంతవరకు చిక్కంతా వస్తువును జ్ఞాపకాలు దాచిన పెట్టెగా ఊహించుకోవడంలో ఉంది. దాన్ని కొలబద్దగా చూస్తే చాలా సంగతులు విడిపోతాయి. మనం ఉండే చోటు మారుతుంది, మన ఒళ్లు మారుతుంది, ఇంట్లో తినే నోళ్ల సంఖ్య మారుతుంది. ఆ మార్పు ఎంతో తెలియాలంటే పక్కన మారనిదొకటి ఉండాలి. ఆ మారనిదిగా మనకు మిగిలేవి తరచుగా వంటింటి సామాన్లే.

ముందు కంటపడటం సంగతి. రోజూ చేతికి తగిలే వస్తువు కంటికి కనబడదు. గోడగడియారం చప్పుడు కాసేపటికి వినిపించకపోవడానికీ, ఒంటి మీద చొక్కా ఉన్న స్పృహ లేకపోవడానికీ ఏది కారణమో దీనికీ అదే కారణం: మారకుండా అందుతున్న సమాచారాన్ని మెదడు క్రమంగా లెక్కలోంచి తీసేస్తుంది. అట్లకాడ పెనం పక్కన, పెనం పొయ్యి పక్కన, పొయ్యి కిటికీ కింద ఉన్నంతకాలం ఆ నాలుగూ కలిసి 'వంటిల్లు' అనే ఒకే వస్తువు. ఇల్లు మారడమంటే ఆ వరసను ఊడదీయడం. అట్లకాడ ఒంటరిగా చేతిలోకి వచ్చిన క్షణంలోనే దాని అంచు అరిగిందని మనకు తెలుస్తుంది. కుడిచేతి వాటం ఉన్న మనిషి ముప్పై ఏళ్లు పెనాన్ని ఒకే కోణంలో గీకితే అంచు ఒకే మూల అరుగుతుంది. ఎడమచేతి వాటం కోడలు దానితో దోసె తిప్పబోతే అది మాట వినదు. అంటే ఆ ఇనప ముక్క మీద ఒక మనిషి చేతివాటం నమోదై ఉంది. ఫొటోలో ఒక నిమిషం మాత్రమే ఉంటుంది, ఈ అరుగుదలలో వేలాది ఉదయాలు ఉంటాయి.

ఇక జ్ఞాపకం ఎలా లేస్తుందన్నది రెండో పోగు. మనసులో ఉన్నదాన్ని బయటికి తీయడానికి ఏదో ఒక ఆనవాలు కావాలి, ఆ ఆనవాలు మొదట ఆ విషయం మనసులో పడ్డప్పటి పరిస్థితికి ఎంత దగ్గరగా ఉంటే అంత సులువుగా అది బయటికి వస్తుందన్నది జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనల్లో బాగా పేరున్న సూత్రం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు గజ ఈతగాళ్లతో చేసిన ప్రయోగం: నీటి అడుగున నేర్చుకున్న పదాలు నీటి అడుగునే ఎక్కువగా గుర్తొచ్చాయి, గట్టు మీద నేర్చుకున్నవి గట్టు మీదే ఎక్కువగా గుర్తొచ్చాయి. కథలా చెప్పుకోవడానికి ఇది ఎంతో బాగుంటుంది గనుక పాఠ్యపుస్తకాలన్నిటిలోకీ ఎక్కింది. అయితే 2021లో అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు అదే ఫలితం రాలేదని కూడా చెప్పాలి. చోటు ఒక్కటే తాళంచెవి కాదు, చోటుతోపాటు చేతిలో ఉన్నదీ, ముక్కుకు తగిలినదీ, అప్పటి మన మనఃస్థితీ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుందనుకోవడం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇల్లు మారినప్పుడు చోటు పోతుంది, పక్కింటివాళ్ల గొంతులు పోతాయి, కిటికీలోంచి పడే ఎండ కోణం మారుతుంది. పాత పరిస్థితిలోంచి కొత్త ఇంటిదాకా మనతో నడిచివచ్చే ఆనవాలు వస్తువు ఒక్కటే. అందుకే పాత ఇంట్లో ఉన్నప్పుడు పనిముట్టుగా మాత్రమే ఉన్న గిన్నె కొత్త ఇంట్లో పాత ఇంటినంతటినీ ఒంటరిగా మోయాల్సి వస్తుంది.

వాసన విషయం ఇంకాస్త వేరు. చూపు, వినికిడి, స్పర్శ మెదడులో ఒక మజిలీ దాటి ముందుకు వెళ్తే, వాసన మాత్రం భావోద్వేగాలకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లోకి దాదాపు నేరుగా చేరుతుంది. పెద్దవయసువారిలో మాటలూ బొమ్మలూ తట్టిలేపే జ్ఞాపకాలు ఎక్కువగా పదకొండు నుంచి ఇరవై ఏళ్ల మధ్య వయసువి కాగా, వాసనలు తట్టిలేపేవి మొదటి పదేళ్లవి ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 2006లో గమనించారు. ఖాళీ అయిన ఆవకాయ జాడీని ఎంత కడిగినా మూత తీసినప్పుడు మెంతిపిండీ ఆవపిండీ కలిసిన వాసన కొద్దిగా మిగిలే ఉంటుంది. అది పైన కట్టిన వాసెనగుడ్డనూ, జాడీ తీయబోతే 'చెయ్యి తడి లేదు కదా' అని అడిగిన గొంతునూ కలిపి తెస్తుంది. అరవై ఏళ్ల మనిషిని ఆ వాసన ఆరేళ్ల వయసు దగ్గర దింపుతుంది, పద్దెనిమిదేళ్ల వయసు దగ్గర ఆగదు. ఇంట్లో పాతబడిన వస్తువులన్నీ ఒకే కాలాన్ని గుర్తుచేస్తాయనుకోవడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో పోగు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొలబద్ద అన్న మాటకు అసలు ఆధారం ఇక్కడుంది. మా ఇంట్లో బియ్యం కొలిచే ఒక ఇత్తడి సోల ఉంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న పాత లెక్కలో అది ఒక మెట్టు. సోల ఎంత పట్టాలన్నది ఊరూరికీ కొంత మారేది. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958లో మొదలై, 1962 ఏప్రిల్ నాటికి తూకాల్లో తప్పనిసరి అయ్యాయి గనుక అంగళ్లలోంచి సోలా మానికా ఆ తర్వాత క్రమంగా తప్పుకున్నాయి. వంటిళ్లలోకి మాత్రం ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు. బియ్యం డబ్బాలో సోల అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అక్కడ కావలసింది ఎన్ని గ్రాములన్న లెక్క కాదు, ఎంతమంది తింటారన్న లెక్క.

మా నాయనమ్మ చేతిలో ఆ సోల ఉన్నప్పుడు ఇంట్లో తొమ్మిదిమంది, పూటకు ఆరు సోలలు. ఇద్దరు మేనత్తలు అత్తవారిళ్లకు వెళ్లాక నాలుగున్నర. మా నాన్నగారి ఉద్యోగం కోసం మేం నలుగురం ఊరు వదిలి పట్నంలో అద్దె ఇంట్లో దిగినప్పుడు నాయనమ్మ ఆ సోలను మాతో పంపింది; అక్కడ రెండున్నర. మేమిద్దరం హాస్టళ్లకు వెళ్లాక ఒకటి. ఇప్పుడు మా అమ్మ ఒక్కర్తికీ అరసోల, అదీ పొద్దునే రెండు పూటలకు కలిపి. గిన్నె మారలేదు, దాని అంచు మారలేదు, చదును చేయడానికి అంచు మీదుగా అరచేతిని లాగే తీరు కూడా మారలేదు. మారింది ఆ చేయి బియ్యం డబ్బాలోకి ఎన్నిసార్లు దిగుతుందన్న సంఖ్య ఒక్కటే. ఎవరు పుట్టారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరు పోయారు అన్న కుటుంబ చరిత్రంతా ఆ సంఖ్యలో ఉంది. దాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. మా అమ్మకు నేను కొనిచ్చిన ఎలక్ట్రిక్ కుక్కర్‌తోపాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు పడుతుంది. అది జపాన్‌వారి పాత బియ్యం కొలత అని తర్వాత తెలిసి నవ్వొచ్చింది: మన సోలను తీసి పక్కన పెట్టి, ఇంకో దేశపు సోలను తెచ్చుకున్నాం.

సోల ఇంటి పరిమాణాన్ని కొలిస్తే, కత్తిపీట ఒంటిని కొలుస్తుంది. కత్తిపీటకు నేల కావాలి. ఒక కాలు మడిచి, ఒక మోకాలు పైకి పెట్టి, పీటను పాదంతో అదిమిపట్టి కూర్చోవాలి. కట్టెల పొయ్యి నేల మీద ఉన్నంతకాలం వంటంతా కూర్చుని చేసే పనే గనుక కత్తిపీట అందులో ఇమిడిపోయింది. గ్యాస్ వచ్చి పొయ్యి గట్టెక్కగానే వంట నిలబడి చేసే పనైంది, కూరలు తరగడం ఒక్కటే కింద మిగిలిపోయింది. వంట మధ్యలో ఒకసారి కూర్చుని ఒకసారి లేవాల్సిన అవస్థ అప్పుడు పుట్టింది. నలభైల్లో ఉన్న మనిషికి అది అవస్థగా తోచదు. మోకాళ్ల కీళ్లలో మెత్తని పొర అరగడం మొదలయ్యాక, మొదట గోడ పట్టుకుని లేవడం, తర్వాత కత్తిపీటను చిన్న స్టూలు మీదికి ఎక్కించి తాను కుర్చీలో కూర్చోవడం, చివరికి బల్ల మీద చెక్కా చాకూ. ఆ మనిషి వయసును డాక్టరు కాగితం కన్నా ముందు కత్తిపీట చెప్పేసింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, రెండు చేతులూ కూరగాయను కత్తి మీదికి తోస్తాయి. చాకు దగ్గర కూరగాయ కదలదు, చేయి కదులుతుంది. అంటే నలభై ఏళ్లు నేర్చుకున్న కదలికను తలకిందులు చేయాలి. ఇటువంటి చేతి విద్యలు మాటల్లో చెప్పగలిగే జ్ఞాపకాల్లా కాకుండా మెదడులో వేరే చోట్ల, వేరే పద్ధతిలో నిలుస్తాయి, అందుకే అంత తొందరగా చెరగవు. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారు పొద్దున తిన్నదేమిటో మరిచిపోయినా, చిక్కుడుకాయ ఈనె తీయడం, పూలు కట్టడం వంటివి చాలాకాలం చేయగలగడం వెనక ఉన్నదీ ఇదే. పెద్దావిడకు కొత్త వంటిల్లు అమర్చి, 'కింద కూర్చోవద్దు' అంటూ కత్తిపీటను అటక మీద పెట్టేవాళ్లు ఆమె మోకాళ్లకు మేలు చేస్తున్నారు, సందేహం లేదు. కాని ఆమె చేతులకు తెలిసిన ఒక విద్యను కూడా అదే అటక ఎక్కిస్తున్నారు. ఏది ఎక్కువ బరువన్నది ఇంటింటికీ వేరుగా ఉంటుంది.

ఒంటి మార్పులు అంకెల్లో చూస్తే చాలా నెమ్మదిగా సాగుతాయి. ముప్పై దాటాక కండరాలు పదేళ్లకు 3 నుంచి 8 శాతం వంతున తగ్గుతాయి, నలభై దాటాక ఎత్తు పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి చూపు మసకబారుతుంది. ఇంత మెల్లగా జరిగే మార్పును మనిషి తనలో తాను కనిపెట్టలేడు. జాడీ మూత బిగుసుకుపోయిందనీ, సూది బెజ్జాలు ఈమధ్య చిన్నవి చేస్తున్నారనీ, పై గూడు ఎవరో ఎత్తుగా కట్టారనీ విసుక్కున్నప్పుడు మనం వస్తువు మీద వేస్తున్న నింద నిజానికి కొలబద్ద మీద వేస్తున్న నింద. కొత్త ఇంట్లో ఈ విసుగు ఎక్కువ కావడానికి కారణం ఉంది: పాత ఇంట్లో ఒంటి మార్పుకు తగ్గట్టు డబ్బాలు మనకు తెలియకుండానే పై గూట్లోంచి కింది గూట్లోకి దిగుతూ వచ్చాయి, కొత్త ఇంట్లో ఆ సర్దుబాటంతా ఒక్కరోజులో చేయాల్సి వస్తుంది.

పిల్లల విషయంలో ఇదే లెక్క పైకి పోతుంది. ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇల్లు మారేటప్పుడు పెట్టెలో పెట్టలేని వస్తువు అదొక్కటే. అద్దె ఇల్లైతే మనం ఖాళీ చేసిన వారంలోపే ఇంటివారు రంగు వేయిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు లోహం సంగతి, ఎందుకంటే అన్ని వస్తువులూ ఒకే విధంగా గుర్తు పెట్టుకోవు. ఇత్తడి రాగీ జింకూ కలిసిన లోహం. చింతపండు పులుపు తగిలితే రాగి కరిగి వంటలోకి వస్తుంది, పులుసు చిలుము రుచి వస్తుంది. అందుకని లోపల తగరంతో కళాయి పూయించేవారు. కళాయి వేసేవాడు వీధిలో గుంట తవ్వి కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, నవసాగరం పొడి చల్లి, 232 డిగ్రీలకే కరిగిపోయే తగరాన్ని గుడ్డతో లోపలంతా ఒక్క తిప్పులో పులిమేవాడు. ఆ పూత వాడకంలో అరిగిపోయేది, మళ్లీ పూయించాలి. అంటే ఇత్తడి గిన్నె మనిషిలాగే ఏటేటా చూసుకోవలసిన ప్రాణి. అది ముసలిదయ్యేది, సొట్ట పడేది, మాట్లు వేయించుకునేది. స్టీలు అలాంటిది కాదు. అందులో కనీసం పదిన్నర శాతం ఉండే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని పొరగా ఏర్పడుతుంది, గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. చింతపులుసుకు చలించదు, పీచుతో తోమితే నిన్న కొన్నట్టు ఉంటుంది. వయసు పైబడని వస్తువు అది.

వయసును చూపించలేని ఆ లోహం మీద మనవాళ్లు వయసును చెక్కించడం మొదలుపెట్టారు. గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఇత్తడి రోజుల్లోనూ ఉంది, పెళ్లిళ్లకూ వ్రతాలకూ ఇరుగుపొరుగుకు ఇచ్చిన సామాను తిరిగి గుర్తుపట్టడానికి అది అవసరం కూడా. అయినా స్టీలు కాలంలో ఆ అలవాటు చిన్న గ్లాసులూ చెంచాలదాకా పాకడానికి, తోమితే అన్నీ ఒకేలా మెరిసిపోయే గుణం కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది. మొదట్లో దుకాణం అరుగు మీద కూర్చున్న మనిషి చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టేవాడు. తర్వాత కలంలా పట్టుకుని రాసే కరెంటు మిషను వచ్చింది. 'గృహప్రవేశం', 'చి. సౌ.', 'గారి జ్ఞాపకార్థం', పక్కన తేదీ. అక్షరదోషాలతో సహా అవి ఇంటి శాసనాలు.

ఈ శాసనాల్లో అన్నిటికన్నా ఆలోచింపజేసేది పెళ్లి సారె సామాను. 2011 జనగణన ప్రకారం దేశంలో పుట్టిన చోటో అంతకుముందు ఉన్న చోటో వదిలి మరోచోట ఉంటున్నవారు 45 కోట్ల పైచిలుకు, వారిలో స్త్రీలు తరలి రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి. ఇల్లు మారడం అనగానే మనకు లారీ, ఉద్యోగ బదిలీ గుర్తొస్తాయి గాని, ఈ దేశంలో ఎక్కువమంది ఆడవాళ్ల జీవితంలో పెద్ద మార్పిడి పెళ్లితోనే జరిగింది, వాళ్లతో వెళ్లిన సామాను సారె. బిందె, కూజా, పళ్లేలు, గంగాళం, వాటి మీద తండ్రి చెక్కించిన పేరు. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారుతుంది. రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, పిలుపుల్లో కొత్త ఇంటిపేరు వస్తుంది. గిన్నె మీది పొడి అక్షరం మాత్రం మారదు. యాభై ఏళ్లు అత్తింట్లో గడిపి, మనవలను ఎత్తుకున్న తర్వాత కూడా ఆమె పుట్టింటి ఇంటిపేరు ఆ ఇంట్లో అచ్చంగా మిగిలి ఉన్న చోటు ఆ బిందె మెడ ఒక్కటే కావచ్చు. సొట్టపోయిన ఆ బిందెను 'దేనికమ్మా' అని అడిగే కొడుక్కి ఆ ఒక్క అక్షరం తన ఇంటిపేరుది కాదన్న సంగతి తట్టదు.

ఊరు మారితే వస్తువు పేరు కూడా మారడం మన భాషలోనే ఉన్న మరో చమత్కారం. కోస్తాలో గిన్నె అన్నది తెలంగాణలో గంజు కావచ్చు, తిరగలి ఇసుర్రాయి అవుతుంది. గుంటూరు నుంచి కరీంనగర్‌కు బదిలీ మీద వచ్చిన కుటుంబంలో పెద్దవాళ్లు గిన్నె అనే అంటారు, బడికి వెళ్లే పిల్లలు గంజు అనడం మొదలుపెడతారు. వస్తువు అదే, ఎవరు ఏ వయసులో ఊరు మారారన్నది వాళ్లు పిలిచే పేరును బట్టి తెలుస్తుంది.

విమానం ఎక్కేవారి దగ్గరికి వస్తే ఈ ఎంపిక మరీ కటువుగా మారుతుంది. అమెరికా వెళ్లే విద్యార్థికి చాలా విమానాల్లో 23 కిలోల పెట్టెలు రెండు. ప్రయాణానికి ముందురోజు రాత్రి తూకపు కొక్కేనికి పెట్టె తగిలించి, అరకిలో ఎక్కువైనప్పుడల్లా ఒక్కొక్కటీ బయటికి తీస్తారు. పుస్తకాలు, చలికోట్లు, చెప్పులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి గాని కుక్కరూ పోపుల పెట్టే చివరిదాకా లోపలే ఉంటాయి. అక్కడ దొరకవని కాదు, ఇరవై ఏళ్లుగా అవి అక్కడా దొరుకుతూనే ఉన్నాయి. అమ్మ ఆవాలు ఏ గిన్నెలో, జీలకర్ర ఏ గిన్నెలో వేసి ఇచ్చిందో ఆ వరసతో సహా వెళ్లాలన్నది అందులోని మర్మం. పదేళ్ల తర్వాత ఆ పెట్టెలో దినుసుల వరస అమ్మ వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది, అమ్మ వంటింట్లో మాత్రం ఈలోగా వరస మారిపోయి ఉండొచ్చు.

ఇంట్లో గొడవలకు కారణమయ్యే చివరి పోగు సొంతం అన్న భావన. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక మామూలు కాఫీ కప్పును ఉచితంగా అందుకున్నవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు దొరకనివారు కొనడానికి ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. చేతికి వచ్చి కాసేపే అయిన కప్పుకే అంత విలువ పెరిగితే నలభై ఏళ్ల గంగాళం సంగతి చెప్పనక్కర్లేదు. కాని దీనితోనే అంతా తేలిపోతుందనుకోవడం నాకు సరిగా తోచదు, ఎందుకంటే సొంతమన్న భావన టీవీ మీదా ఉంటుంది, టీవీని ఎవరూ పదేళ్ల తర్వాత ఒళ్లో పెట్టుకుని కూర్చోరు. ఇంతకన్నా పనికొచ్చేది 1981లో ప్రచురితమైన షికాగో పరిశీలన. అక్కడ 82 కుటుంబాల్లో మూడు తరాలకు చెందిన 315 మందిని మీ ఇంట్లో మీకు ముఖ్యమైన వస్తువులేమిటని అడిగితే, పిల్లలు పాటల యంత్రాల వంటి వాటిని, అంటే తాము ఏదో చేయడానికి వాడేవాటిని ఎక్కువగా చెప్పారు. పెద్దవాళ్లు ఫొటోల వంటి వాటిని, అంటే ఎవరినో తలుచుకోవడానికి ఉంచుకున్నవాటిని ఎక్కువగా చెప్పారు. దేశం వేరైనా మన ఇళ్లలో తగువు సరిగ్గా ఇక్కడే ఉంది. 'ఇది దేనికి పనికొస్తుంది' అని కొడుకు అడుగుతాడు. 'ఇది ఎవరిదో తెలుసా' అని తల్లి అడుగుతుంది. ఇద్దరూ ఒకే గిన్నెను చూస్తూ రెండు వేరే ప్రశ్నలు వేసుకుంటున్నారు గనుక జవాబులు కలవవు.

వదిలించుకోవడానికి కూడా మన దగ్గర పద్ధతులు లేకపోలేదు. భోగి మంటలో విరిగిన కుర్చీలూ పాత చెక్క సామానూ వేయడం ఏడాదికోసారి ఊరంతా కలిసి చేసే ఖాళీ. అందరితో కలిసి చేసేది గనుక ఒక్కరి మనసు మీద బరువు పడదు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వచ్చినప్పుడు బేరం పెట్టి చీర ఇచ్చి టిఫిను గిన్నె తీసుకోవడంలో, పోయినదానికి బదులు ఏదో వచ్చిందన్న ఊరట ఉంటుంది. ఆ గిన్నెను తర్వాత 'ఆ నీలంచీర గిన్నె' అని పిలిచే ఇళ్లు నాకు తెలుసు. అటక మాత్రం వదిలించుకునే పద్ధతి కాదు, నిర్ణయాన్ని వాయిదా వేసే చోటు. అపార్టుమెంట్లలో అటకలు కురచవడంతో ఆ వాయిదా కూడా ఇప్పుడు దొరకడం లేదు. ఫొటో తీసి ఇచ్చేయమన్న సలహా ఈమధ్య తరచుగా వినిపిస్తోంది, దానికి కొంత ఆధారం ఉంది కూడా: 2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, వసతిగృహాలు ఖాళీ చేసే విద్యార్థులను ఇష్టమైన వస్తువును ఫొటో తీసుకుని దానం చేయమన్నప్పుడు 613 వస్తువులు వచ్చాయి, ఊరికే దానం చేయమన్నచోట 533 వచ్చాయి. విద్యార్థుల సంచికీ అలంకార సామానుకీ అది చాలు. సోల ఫొటోతో బియ్యం కొలవలేం, అట్లకాడ ఫొటోలో అరుగుదల కనబడుతుంది గాని చేతికి తెలియదు. కంటితో గుర్తున్న వస్తువుకు ఫొటో సరిపోతుంది, చేతితో గుర్తున్న వస్తువుకు సరిపోదు. ఏది ఏ రకమో ముందు తేల్చుకుంటే సర్దే పని సగం తేలికవుతుంది.

అసలు కదలని వస్తువుకు ఈ ప్రశ్నలేవీ రావు. మా ఊరి ఇల్లు అమ్మినప్పుడు పెరట్లో భూమిలో పాతిన రుబ్బురోలు కాగితాల్లో ఎక్కడా రాయకుండానే ఇంటితోపాటు వెళ్లిపోయింది. పొత్రాన్ని మాత్రం మా బాబాయి తీసి ఆటోలో వేసుకుని వెళ్లాడు, దేనికని ఎవరూ అడగలేదు. కొన్నవాళ్లు ఆ రోటి గుంటలో ఎండాకాలం పిచ్చుకలకు నీళ్లు పోస్తున్నారు. మొన్న అటు వెళ్లినప్పుడు చూశాను, మూడు తరాల ఆడవాళ్లు పిండి రుబ్బి నునుపు చేసిన గుంట కావడం వల్ల కాబోలు, పిచ్చుక కాలు దాని అంచున జారుతోంది.